ఇరవయ్యా, అరవయ్యా? వాయిస్ మెసేజ్ పెట్టేవాళ్లకు ఒక మనవి

సంపాదకులు గారికి,

నమస్కారం. నేను చిత్తూరులో ఒక లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో బుకింగ్ చూస్తాను, పదిహేడేళ్లుగా ఇదే పని. ఎవరికి ఏ బండి కావాలి, ఎన్ని టన్నులు, ఎక్కడ ఎక్కించాలి, ఎక్కడ దించాలి, డ్రైవర్‌కు అడ్వాన్సు ఎంత ఇవ్వాలి, ఇవన్నీ నా ఫోను మీదే నడుస్తాయి. మామూలు రోజుల్లో నాకు ముప్పై నలభై వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు వస్తాయి, మామిడి సీజన్‌లో అయితే వంద దాటిపోతాయి. వాయిస్ మెసేజ్ పెట్టడం ఇప్పుడు అందరికీ వచ్చు. పనికొచ్చేలా పెట్టడం మాత్రం చాలా తక్కువ మందికి వచ్చు. దానివల్ల మన వైపు చిన్న చిన్న ఆఫీసుల్లో రోజూ ఎంత డబ్బు పోతోందో, ఎంతమందికి నిద్ర పోతోందో ఎవరూ లెక్క చూడటం లేదు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పెద్దదే అయినా వేయగలరని ఆశ.

పోయిన జులైలో జరిగింది చెబుతాను. తోతాపురి మామిడి కోత మొదలైతే మన దగ్గర గుజ్జు ఫ్యాక్టరీలు రాత్రీ పగలూ నడుస్తాయి, బయట రోడ్డు మీద కాయల ట్రాక్టర్లు వరుసగా నిలబడి ఉంటాయి, లోపల నుంచి గుజ్జు డ్రమ్ములు బయటికి వెళ్తుంటాయి. అలాంటి ఒక ఫ్యాక్టరీలో డిస్పాచ్ చూసే సూపర్‌వైజర్ రాత్రి 9.40కి నాకు వాయిస్ పెట్టాడు. మంచి పిల్లోడు, పని తెలిసినవాడు, అక్కా అక్కా అని పిలుస్తాడు. మెసేజ్ 3 నిమిషాల 40 సెకన్లు ఉంది. మొదట అన్నం తిన్నారా అక్కా అన్నాడు, తర్వాత సాయంత్రం బాయిలర్ ఆగిపోయిన సంగతి, ముందు రోజు మా డ్రైవర్ ఒకడు గేటు దగ్గర సెక్యూరిటీతో గొడవ పడ్డ సంగతి, హమాలీలు కూలి పెంచమంటున్న సంగతి, అన్నీ అయ్యాక, మూడో నిమిషం దాటాక, వెనక మిషన్ల హోరులో, రేపు పొద్దున ఆరు గంటలకు చెన్నై లోడు ఉంది, అరవై డ్రమ్ములు అన్నాడు. అప్పుడు నేను పొయ్యి మీద పాలు పెట్టుకుని, రెండింతల స్పీడులో పెట్టి వింటున్నాను. నా చెవికి ఇరవై అని పడింది.

డ్రమ్ము ఒక్కోదానిలో గుజ్జే 215 కిలోలు ఉంటుంది. ఇరవై అంటే 4,300 కిలోలు, చిన్న బండి చాలు. అరవై అంటే 12,900 కిలోలు, పైగా ఇనప డ్రమ్ముల బరువు వేరే. పొద్దున ఆరుకు గేటు ముందుకు చిన్న బండి పోయి నిలబడింది. సీజన్‌లో అప్పటికప్పుడు పెద్ద బండి దొరకడం ఎంత కష్టమో ఈ లైన్‌లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. దొరికేసరికి పదకొండున్నర అయింది, బాడుగ కూడా రెండు వేలు ఎక్కువ ఇచ్చాం. ఎనిమిది మంది హమాలీలు పొద్దున్నుంచి ఊరికే కూర్చున్నారు. చెన్నై పక్కన గోడౌన్ వాళ్లు సాయంత్రం ఐదు తర్వాత సరుకు దించుకోరు కాబట్టి బండి రాత్రంతా అక్కడే ఆగింది, హాల్టింగ్ డబ్బులు మా మీద పడ్డాయి. ఇవన్నీ ఒక ఎత్తు, చిన్న బండి తోలుకుని వచ్చిన డ్రైవర్ ఒక్కడూ ఒక ఎత్తు. గుడియాత్తం వైపు మనిషి. ఆ లోడు ఉందని ఇంకో కిరాయి వదులుకుని తెల్లవారుజామున లేచి వచ్చాడు. ఖాళీగా తిరిగి పోతూ మా ఆఫీసు మెట్ల దగ్గర నిలబడి, "నా తప్పు ఏమి మేడమ్ ఇందులో?" అని అడిగాడు. అతనికి డీజిల్ డబ్బులు ఇప్పించగలిగాను, ఆ రోజు కూలి ఇప్పించలేకపోయాను. ఆ మాట ఇప్పటికీ నాకు గుర్తొస్తూనే ఉంది.

సూపర్‌వైజర్‌కు ఫోన్ చేస్తే, "అరవై అనే చెప్పినా గదక్కా, ఇంకోసారి వినుకో" అన్నాడు. విన్నాను. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, మామూలు స్పీడులో, నాలుగో సారి వింటే తెలిసింది, అతను చెప్పింది అరవయ్యే. మొదటి అక్షరం మిషన్ చప్పుడులో కలిసిపోయింది, మిగిలింది 'రవై' మాత్రమే. దాని ముందు ఏ అక్షరం ఉందో నా అలవాటు నిర్ణయించేసింది, ఎందుకంటే ఆ వారంలో అంతకుముందు రెండుసార్లు ఇరవై డ్రమ్ముల లోడే వెళ్లింది.

ఇందులో తప్పు నాదీ ఉంది, అతనిదీ ఉంది, ఆ మాట మా ఓనర్ దగ్గర కూడా అలాగే చెప్పాను. కానీ ఆ రోజు నుంచి నాకు వచ్చే వాయిస్‌లను కొంచెం శ్రద్ధగా గమనించడం మొదలుపెట్టాను. మన అంకెలే ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉంటాయి. ఇరవై, అరవై. యాభై, ఎనభై. మా డ్రైవర్లలో సగం మంది తమిళం కలిపి మాట్లాడతారు, అక్కడా అదే గోల, ఇరుబదు, అరుబదు. బండి నంబర్ల సంగతి అయితే ఇంకా అన్యాయం. ఇదివరకు ఏపీ 03 అనగానే చిత్తూరు బండి అని తెలిసిపోయేది, 2019 నుంచి రాష్ట్రమంతా కొత్త బండ్లకు ఏపీ 39 అని మొదలుపెట్టారు కాబట్టి ఇప్పుడు తేడా అంతా తర్వాత వచ్చే అక్షరాల్లోనూ నాలుగు అంకెల్లోనూ ఉంటుంది. రోడ్డు పక్కన నిలబడి, హారన్ల మధ్య, టి అన్నాడో డి అన్నాడో, బి అన్నాడో వి అన్నాడో ఎవరికి తెలుస్తుంది? సరుకుతో పాటు ఉండాల్సిన జీఎస్టీ రవాణా పత్రం, అదే ఈ-వే బిల్లు, అందులో బండి వివరాలు రాసే పార్ట్ బిలో నంబరు ఒక్క అక్షరం తప్పు పడినా దారిలో ఆపినప్పుడు జవాబు చెప్పుకోవాల్సింది డ్రైవర్. 12 అంకెల ఈ-వే బిల్లు నంబరును వాయిస్‌లో చదివి పంపేవాళ్లు ఉన్నారంటే నమ్ముతారా? నాకు నెలకు రెండు మూడు వస్తాయి. ఆపి ఆపి, వెనక్కి జరిపి జరిపి రాసుకోవాలి.

అలాగని వాయిస్ మెసేజ్‌లు మానేయమని నేను అనను. మానేస్తే ముందు నష్టపోయేది మా దగ్గర పనిచేసే చదువురాని వాళ్లే. లోడింగ్ మేస్త్రీ ఒకాయన ఉన్నాడు, అరవై దాటిన మనిషి, సంతకం కూడా కష్టం మీద చేస్తాడు. ఇదివరకు ఏ సంగతి తెలియజేయాలన్నా ఆయన ఎవరో ఒక కుర్రాడిని బతిమాలుకుని ఫోన్ చేయించేవాడు. ఇప్పుడు మైకు గుర్తు మీద వేలు పెట్టి తనే చెబుతాడు. ఆయన మెసేజ్ ఒకటి ఉన్నదున్నట్టు రాస్తాను చూడండి. "అమ్మా, బండి లోపలికి వచ్చింది. నలబై డ్రమ్ములు ఎక్కినాయి. ఇంకా ఇరవై, రెండు పదులు, ఉండాయి. కరెంటు పోయింది, అర్ధగంట లేటు అయితాది. నువ్వు ఫోన్ చేయబల్లేదు, అయిపోతే నేనే చెప్తా." పద్దెనిమిది సెకన్లు. ఏం జరిగింది, ఎంత అయింది, ఎంత మిగిలింది, ఎందుకు ఆలస్యం, నేను ఇప్పుడు ఏం చేయాలి, ఇందులో లేనిది ఏముంది? ఇరవై అన్న వెంటనే రెండు పదులు అని ఆయనే కలిపాడు, ఎవరూ నేర్పలేదు.

అదే పెద్ద చదువులు చదివి ఏసీ గదిలో కూర్చున్న మేనేజర్లు పెట్టేవి నాలుగు నిమిషాలు, ఐదు నిమిషాలు. మధ్యలో ఎవరితోనో మాట్లాడతారు, టీ చెబుతారు, ఆఁ ఎక్కడున్నాం అంటారు. దాన్ని ముప్పై ఐదు మంది ఉన్న గ్రూపులో పెడతారు. నాలుగు నిమిషాల మెసేజ్‌ను ముప్పై ఐదు మంది వింటే 140 నిమిషాలు, అంటే రెండు గంటల ఇరవై నిమిషాల పని పోయినట్టు. అందులో ఆ మాట అవసరమైంది బహుశా ఇద్దరికి. మిగతావాళ్లు కూడా వినాల్సిందే, ఎందుకంటే తమ పేరు ఏ మూలన వస్తుందో తెలియదు. రాసిన మెసేజ్ అయితే కంటితో ఒకసారి చూస్తే మనకు సంబంధించిందో కాదో తెలిసిపోతుంది. మాటను అలా చూడలేం, మొదటి నుంచి చివరి దాకా కూర్చుని వినాలి.

ఎందుకిలా అయింది అని ఆలోచిస్తే నాకు ఒకటి తోచింది. బయటి దేశాల్లో ఆఫీసు ఫోన్లకు వాయిస్ మెయిల్ అనేది ఎప్పటి నుంచో ఉంది. టెక్సాస్‌కు చెందిన గోర్డన్ మాథ్యూస్ అనే ఆయన 1979లో దానికి పేటెంట్ అడిగి 1983లో పొందాడు. ఎత్తేవాళ్లు లేకపోతే ఫోను బీప్ అంటుంది, మన పేరు, మన నంబరు, పని ఏమిటి, ఎప్పుడు తిరిగి చేయాలి, ఈ నాలుగూ చెప్పి పెట్టేయాలి. అక్కడి ఆఫీసుల్లో అదొక అలవాటుగా నేర్చుకున్నారు. మన దగ్గర అది పెద్దగా రానే లేదు. 1995లో మన దేశంలో మొబైల్ మొదలైనప్పుడు నిమిషానికి 16 రూపాయల దాకా ఉండేది, మనకు వచ్చిన కాల్‌కు కూడా మనమే కట్టాలి, 2003లో గాని ఇన్‌కమింగ్ ఫ్రీ కాలేదు. అంత డబ్బు పెట్టి ఇంకొకరి మాట రికార్డు వినేది ఎవరు? మనం మిస్డ్ కాల్ కనిపెట్టుకున్నాం. ఒక రింగు ఇస్తే చేరినాను అని, రెండు ఇస్తే బయల్దేరు అని. మా ఆఫీసులో చాలా ఏళ్లు బండి చెన్నై చేరిన సంగతి ఒక్క రింగుతోనే తెలిసేది.

తక్కువ మాటల్లో చెప్పడం మనకు రాదని కాదు. టెలిగ్రామ్ ఇచ్చేటప్పుడు మాట మాటకూ డబ్బు కాబట్టి ఫారం మీద కొట్టేసి మళ్లీ రాసేవాళ్లం. రూపాయి కాయిన్ బాక్సు దగ్గర నిలబడి, బిళ్ల వేసే ముందే ఏం చెప్పాలో మనసులో అనుకునేవాళ్లం, మా మేస్త్రీ అక్కడే నేర్చుకుని ఉంటాడు. 2013 జులైలో టెలిగ్రామ్ సర్వీసు మూసేశారు. సరిగ్గా ఆ మరుసటి నెల, ఆగస్టులో, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వచ్చింది. అప్పటి దాకా ఎక్కువ మాట్లాడితే మాట్లాడేవాడి జేబు ఖాళీ అయ్యేది. ఇప్పుడు మాట్లాడేవాడికి ఖర్చు లేదు, ఆ ఖర్చంతా వినేవాడి మీద పడింది, అది టైము రూపంలో పోతుంది కాబట్టి కనిపించదు. ఆ చిన్న బండి డ్రైవర్‌కు మాత్రం కూలి రూపంలోనే పోయింది.

నేను అసలు చెప్పాలనుకున్న విషయానికి ఇప్పుడు వస్తాను. మా నాన్న రైల్వేలో గేట్‌మ్యాన్‌గా పనిచేసి రిటైర్ అయ్యారు, పాకాల వైపు. చిన్నప్పుడు సెలవుల్లో క్యారియర్ తీసుకుని గేటు దగ్గరికి వెళ్లేదాన్ని. చిన్న గది, గోడకు హ్యాండిల్ తిప్పే ఫోను, బల్ల మీద రిజిస్టరు, దాని పక్కన అంకెలు అచ్చు వేసిన ఒక కాగితం. స్టేషన్ నుంచి ఫోను వస్తే, ఫలానా నంబరు బండి ఫలానా వైపు నుంచి వస్తోంది, గేటు వేయి అని స్టేషన్ మాస్టర్ చెప్పేవాడు. నాన్న అదే మాటను తిరిగి చెప్పేవారు, బండి నంబరు, ఏ వైపు, అన్నీ. తర్వాత బయటికి పోయి గేటు వేసి, తాళం వేసి, మళ్లీ వచ్చి ఫోను తీసి, ఆ కాగితం మీద వరుసలో ఉన్న రెండంకెల నంబరు ఒకటి చెప్పేవారు. దాన్ని ప్రైవేట్ నంబర్ అంటారు. అక్కడ స్టేషన్ మాస్టర్ దాన్ని రాసుకుంటాడు, ఇక్కడ నాన్న రిజిస్టరులో రాసి, కాగితం మీద ఆ అంకెను కొట్టేస్తారు. ఆ నంబరు చెప్పనంత వరకు గేటు వేసినట్టు కాదు. సరే సార్, అలాగే సార్, వేసేశాను సార్ అంటే లెక్కలోకి రాదు.

ఒకసారి నేను అడిగాను, వేసేశాను అని చెబితే సరిపోదా నాన్నా, ఈ నంబరు ఎందుకు అని. "ఊఁ అనడానికి నిద్రలో కూడా అనొచ్చు పాపా, నంబరు చెప్పాలంటే మనిషి మేలుకోవాలి" అన్నారు. అప్పుడు నాకు పెద్దగా అర్థం కాలేదు. పోయిన జులైలో, ఇరవై డ్రమ్ములు అనుకుని సూపర్‌వైజర్‌కు నేను పెట్టిన జవాబు చూసుకున్నప్పుడు అర్థమైంది. నేను పెట్టింది ఒక బొటనవేలు గుర్తు. ఓకే అని. అతను దాన్ని చూసి నిశ్చింతగా పడుకున్నాడు, నేనూ పడుకున్నాను. ఇరవై డ్రమ్ములు, చిన్న బండి, 6 గంటలు అని ఒక్క లైను టైప్ చేసి ఉంటే ఆ రాత్రే సరి అయిపోయేది.

అందుకే ఆగస్టు నుంచి మా ఆఫీసులో ఒక పద్ధతి పెట్టుకున్నాం. పని చెప్పిన వాయిస్‌కు బొటనవేలు పెట్టకూడదు, దండం పెట్టకూడదు, అందులో ఉన్న అంకెను తిరిగి టైప్ చేయాలి. టైప్ చేయడం రానివాళ్లు తిరిగి వాయిస్‌లోనే చెప్పాలి, అంకెలు విడగొట్టి, అరవై, ఆరు సున్నా అని. చెప్పేవాడు మొదటి మాటలోనే పని చెప్పేయాలి, అంటే గురువారం చెన్నై లోడు ఉంది అని మొదలుపెట్టాలి, అన్నం తిన్నారా అన్నది చివర అడగొచ్చు, అడగవద్దని ఎవరూ అనరు, అది మన మర్యాద. ఒక మెసేజ్‌లో ఒకే పని. బాయిలర్ సంగతి వేరే మెసేజ్, గేటు దగ్గర గొడవ అయితే నేరుగా ఫోన్ చేసి మాట్లాడాల్సిన విషయం. బండి నంబరు, ఈ-వే బిల్లు నంబరు, డబ్బు, తేదీ ఈ నాలుగింటినీ నోటితో చెప్పినా సరే కింద టైప్ చేయాల్సిందే, లేదా కాగితాన్ని ఫోటో తీసి పెట్టాలి. రేపు, ఎల్లుండి అనకుండా వారం పేరు చెప్పాలి, ఎందుకంటే రాత్రి పన్నెండుకు పెట్టిన మెసేజ్‌లో రేపు అంటే ఏ రేపో, మర్నాడు పొద్దున విన్నవాడికి తెలియదు.

మిషన్ల పక్కన నిలబడి మాట్లాడొద్దు, పది అడుగులు పక్కకు పోయి మాట్లాడండి అని ఫ్యాక్టరీ వాళ్లను అడిగాం. ఇంకో చిన్న సంగతి, రికార్డు చేసేటప్పుడు వేలు పైకి జరిపి లాక్ చేస్తే, పంపే ముందు ఒకసారి మన మాట మనమే వినొచ్చు. మా ఆఫీసులో సగం మందికి ఇది తెలియదు. ఒకసారి తన మాట తాను విన్నవాడు రెండోసారి అంత పొడుగ్గా మాట్లాడడు, ఇది నేను కళ్లారా చూశాను. తెలుగు టైప్ చేయడం కష్టం అనేవాళ్లకు కీబోర్డు మీద కూడా మైకు ఉంటుంది, దాన్ని నొక్కి తెలుగులో చెబితే అక్షరాలై పడతాయి, గూగుల్ వాళ్లు 2017లోనే తెలుగుకు ఇచ్చారు. మన యాస దానికి అక్కడక్కడ అర్థం కాదు, ఒక చూపు చూసి సరిచేసుకుంటే చాలు.

వినేవాళ్లకూ బాధ్యత ఉంది. స్పీడు పెంచి వినే సౌకర్యం 2021లో వచ్చింది, నేను రోజూ వాడతాను, అది లేకపోతే వంద మెసేజ్‌లు వినలేను. కానీ అంకె ఉన్న చోట వెనక్కి వచ్చి మామూలు స్పీడులో వినాలి, ఇప్పుడు నేను తప్పకుండా అలాగే చేస్తున్నాను. తర్వాత విందాంలే అని రెండు రోజులు అలా వదిలేసేవాళ్లు ఉన్నారు. అవతలి మనిషి పంపిన మైకు గుర్తు నీలంగా మారిందా లేదా అని చూస్తూ కూర్చుంటాడు. ఇప్పుడు వినడం కుదరకపోతే, సాయంత్రం వింటాను, తొందరైతే టైప్ చేయండి అని ఒక మాట పెట్టొచ్చు కదా.

ఇంకొకటి, దీని గురించి ఎవరూ మాట్లాడటం లేదు. మా ఆఫీసులో అకౌంట్స్ చూసే అమ్మాయి ఒకతె ఉంది. కాన్పు సెలవు గురించి పైన అధికారికి ఏదో అడిగింది, ఆయన జవాబు వాయిస్‌లో పెట్టాడు. ఆ అమ్మాయి కౌంటర్ దగ్గర నలుగురు డ్రైవర్లు నిలబడి ఉండగా మామూలుగా నొక్కింది, ఫోను స్పీకర్లో గట్టిగా మోగింది. డాక్టర్ ఏమన్నారమ్మా, ఎన్నో నెల, జీతం ఎంత కట్ అవుతుంది, అన్నీ. ఆమె ఆపడానికి తడబడితే ఫోను చేతి నుంచి జారి కింద పడింది, కింద కూడా మాట్లాడుతూనే ఉంది. ఆ సాయంత్రం దాకా ఆమె ఎవరి మొహమూ చూడలేదు. జీతం, ఆరోగ్యం, ఇంటి సంగతులు, తిట్లు, ఇవి వాయిస్‌లో పెట్టే విషయాలు కావు. పెట్టక తప్పకపోతే, ఒంటరిగా ఉన్నప్పుడు వినమ్మా అని ముందు ఒక లైను రాయాలి. వినేవాళ్లు కూడా ఫోనును మామూలు కాల్‌లాగా చెవి దగ్గర పెట్టుకుంటే స్పీకర్ ఆగి చెవిలో మాత్రమే వినబడుతుంది, ఇది చాలామందికి తెలియదు.

రాత్రిపూట వచ్చే వాయిస్ గురించి కూడా చెప్పాలి. రాత్రి పదకొండుకు ఓనర్ నుంచి వాయిస్ వచ్చిందంటే ఎవరికైనా గుండె దడే. రాసిన మెసేజ్ అయితే చదివి పడుకోవచ్చు, వాయిస్ అయితే ఏ గొంతుతో ఉంటుందో అని టెన్షన్, ఇప్పుడే వినాలా పొద్దున వినాలా అని టెన్షన్. పొద్దున చెప్పినా జరిగే పనిని పొద్దునే చెప్పండి అని ఓనర్లందరినీ చేతులెత్తి అడుగుతున్నాను. బండి తోలుతున్న డ్రైవర్‌కు అయితే అసలు పెట్టొద్దు. మొగిలి ఘాట్ దిగుతూ, మీరు పెట్టిన మెసేజ్ వినడానికి ఒక చేత్తో ఫోను చెవి దగ్గర పెట్టుకున్నానని ఒక డ్రైవర్ మామూలుగా చెప్పాడు, ఆ రోజు నాకు అన్నం దిగలేదు. బండి తోలుతూ ఫోను చేత్తో పట్టుకుంటే 2019లో మార్చిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మొదటిసారికే వెయ్యి నుంచి ఐదు వేల దాకా ఫైన్, కేసు. ఫైన్ సంగతి పక్కన పెట్టండి, ఆ ఘాట్ ఎలాంటిదో మన జిల్లాలో ఎవరికి తెలియదు? ఇప్పుడు నేను డ్రైవర్లకు పెట్టే ప్రతి మెసేజ్‌లో మొదటి మాట, బండి ఆపినాక విను అన్నా, అని.

తిరుపతి వాళ్లకు ఒక మాట. మా మరిది అక్కడ ఒక ట్రావెల్స్‌లో పనిచేస్తాడు. యాత్రికులు రాత్రి రైల్లో నుంచి వాయిస్ పెడతారట, పొద్దున నాలుగుకు స్టేషన్‌లో ఉంటాం, బండి పంపండి అని. ఏ స్టేషన్ అనేది చెప్పరు. చెన్నై, ముంబై వైపు పోయే రైళ్లు చాలా వరకు రేణిగుంటలో ఆగి అటే పోతాయి, తిరుపతిలోకి రావు, బయటి నుంచి వచ్చేవాళ్లకు రెండూ ఒకటే అనుకుంటారు. ముసలివాళ్లను, పసిపిల్లలను పెట్టుకుని ఒక చోట వాళ్లు, ఇంకో చోట డ్రైవర్. ట్రావెల్స్ వాళ్లే బుకింగ్ తీసుకున్న రోజు, రేణిగుంటా తిరుపతా, రైలు నంబరు ఎంత అని టైప్ చేసి అడిగితే అయిపోతుంది కదా. లాడ్జీలు, క్లినిక్‌లు, చిన్న ఆఫీసులు ల్యాండ్‌లైన్ పెట్టుకుని, సాయంత్రం ఆరు తర్వాత అది మోగి మోగి ఆగిపోయేలా వదిలేస్తారు. ఒకరి గొంతుతో, తెలుగులో, మేము రేపు పొద్దున తొమ్మిదికి ఉంటాం, అవసరమైతే ఈ నంబరుకు చేయండి, లేదా మీ పేరు, నంబరు చెప్పి పెట్టండి, మేమే చేస్తాం అని రికార్డు పెట్టొచ్చు. పెట్టినవాళ్లు మాట తప్పకుండా పొద్దునే తిరిగి చేయాలి, చేయకపోతే పెట్టకపోవడమే నయం.

మా పద్ధతి పెట్టుకున్న కొత్తలో ఆ సూపర్‌వైజర్ నొచ్చుకున్నాడు. "నన్ను నమ్మరా అక్కా, ప్రతిదీ తిరిగి చెప్పమంటే ఎట్లా" అన్నాడు. నమ్మకం సంగతి కాదు నాయనా అని మా నాన్న గేటు గది సంగతి చెప్పాను. రెండు వారాలు పట్టింది. ఇప్పుడు అతనే మా ఆఫీసు కుర్రాడు ఓకే అని పెడితే ఊరుకోడు, "ఎన్ని డ్రమ్ములు, అంకె రాయి సామీ" అని తిరిగి అడుగుతాడు. అతని మెసేజ్‌లు ముప్పై సెకన్లలోపే ఉంటున్నాయి. అన్నం తిన్నారా అక్కా అన్నది మాత్రం మానలేదు, చివర అడుగుతాడు, నేను దానికి కూడా జవాబు పెడతాను.

వచ్చే జూన్‌కు మళ్లీ కోత మొదలవుతుంది. ఫ్యాక్టరీల యజమానులు, మండీల వాళ్లు, మాలాంటి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల వాళ్లు సీజన్‌కు ముందు ఒక గంట కూర్చుని తమ గ్రూపులో మెసేజ్ ఎలా పెట్టాలో, జవాబు ఎలా ఇవ్వాలో అనుకుని, ఒక కాగితం మీద తెలుగులోనూ తమిళంలోనూ రాసి గేటు దగ్గరా కాటా దగ్గరా అతికించమని కోరుతున్నాను. రాసేటప్పుడు మా మేస్త్రీ లాంటి ఒకరిద్దరిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. ఆ గుడియాత్తం డ్రైవర్‌కు మొన్న దసరా ముందు మంచి లోడు ఒకటి ఇప్పించాను. 20 డ్రమ్ములు, గురువారం, 6 గంటలు అని టైప్ చేసి పంపితే, "ఇరవై, రెండు సున్నా, గురువారం, ఆరు" అని వాయిస్ పెట్టాడు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కొంగారెడ్డిపల్లె, చిత్తూరు.